కుండ మీది గీత ఎవరిది?

పెళ్లి శుభలేఖ ఒకటి చేతిలోకి తీసుకొని చూడండి. వధూవరుల పేర్లు సరే. తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మలు, మేనమామలు, ఆఖరికి "మా మామయ్య పెళ్లికి తప్పకుండా రండేం" అని పిలిచే చంటిపిల్లలు కూడా పేర్లతో సహా వుంటారు. అట్టడుగున సన్నని అక్షరాల్లో అచ్చు వేసిన ప్రెస్సు పేరు వుంటుంది. ఫొటోల పుస్తకం మీద ఫొటోగ్రాఫరు పేరు వుంటుంది. పందిరి వేసినవారు గుంజకు తమ బోర్డు కట్టుకుంటారు. వంట బాగా కుదిరితే వంటవారి ఫోను నంబరు బంతి లేవకముందే నలుగురి చేతులూ మారుతుంది. ఇన్ని పేర్లున్న పెళ్లిలో, మండపం పక్కన కొలువు తీరిన ఐరేని కుండల మీద చిలకలు వేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా వుండదు.

ఐరేని అనండి, అయిరేని అనండి, అరివేణి అనండి, ఊరికొక తీరు. మేళతాళాలతో, ఉల్లెడ పట్టుకొని, ముత్తైదువులు కుమ్మరివారింటికి వెళ్లి, సారెకు పసుపు కుంకుమలు పెట్టి, బియ్యం, బట్టలు, సంభావన ఇచ్చి ఆ కుండలు తెచ్చుకోవడం మన పెళ్లిళ్లలో ఒక ముచ్చట. ఆములో కాలిన కుండకు తెల్లగా సున్నం పూసి, దాని మీద జాజు, పసుపు, నీలి, మసి కలిపిన రంగులతో తీగలు, చిలకలు, పూలు, సూర్యచంద్రులు వేస్తారు. కుంచె కొనే పని లేదు. ఈత ఈనె కొస నలగ్గొడితే అదే కుంచె.

"ఎవరేశారండీ ఇవి?" అని అడిగి చూడండి. "ఇంకెవరు, కుమ్మరివాళ్లు" అంటారు. అది వృత్తి పేరు గాని మనిషి పేరు కాదు గదా! "ఆమ్రపాలి పాట ఎవరు పాడారు?" అంటే "పాటగాళ్లు" అని జవాబు చెప్పినట్టుంటుంది. అయినా ఆ జవాబుతో మనకు తృప్తే.

గీతను చూసి గీసిన చేతిని పోల్చడం మనకు చేతగాక కాదు. సంక్రాంతి నెలలో వీథి పొడుగునా ముగ్గులు వేసి వుంటే, "ఇది మా పిన్ని ముగ్గు" అని పదేళ్ల పిల్ల చెప్పగలదు. పిన్ని పిండి వదిలే తీరు, చుక్కను చుట్టి వచ్చేటప్పుడు ఆ గీత కొద్దిగా లావెక్కే తీరు ఆ పిల్లకు తెలుసు. కవరు మీద అడ్రసు చూసి వుత్తరం ఎవరిదో చెప్పేసేవాళ్లు మన పెద్దలు. జడ వెనకనుంచి చూసి ఎవరు అల్లారో చెప్పే అమ్మలున్నారు. మనవాళ్ల చేయి అయితే పోలుస్తాము. కుమ్మరివారింట్లో చేయి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి అక్కర లేదనుకుంటాము. అంతే తేడా.

తెలుగు పాఠం చెప్పుకునే మాబోటివారికి "ఇది ఎవరి రచన?" అన్న ప్రశ్న కూడూ గుడ్డా పెట్టే ప్రశ్న. మా పల్నాటి సంగతే తీసుకోండి. 12వ శతాబ్దంలో కారెంపూడిలో జరిగిన పోరు మీద మంజరీ ద్విపదలో వున్న పల్నాటి వీరచరిత్ర శ్రీనాథుడిదని ప్రతీతి. 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు దాన్ని అచ్చు వేయించారు. అది మొదలు ఈనాటి దాకా, అందులో శ్రీనాథుడి చేయి ఎంత, తరవాతివారి చేయి ఎంత అని పండితులు వాదించుకుంటూనే వున్నారు. నడక చూస్తారు, పలుకుబడి చూస్తారు, ఒక మాట ఇతర కావ్యాలలో వున్నదా లేదా అని తిరగేస్తారు. మంచి పనే. కాని అదే వీరుల కథను ఏటా కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు కారెంపూడిలో జరుపుకుంటున్నామే, ఆ తిరునాళ్లకు వచ్చే రంగుల బొమ్మల విషయంలో ఒక్కరికైనా ఆ ప్రశ్న తట్టిందా? అక్షరానికి కర్తను వెతుకుతాము. గీతకు వెతకము.

గీతకు కర్తను వెతికే విద్యకు ఒక దారి వేసినవాడు ఇటలీ దేశస్థుడు, జొవాన్ని మొరెల్లి. 1816లో పుట్టి 1891లో పోయాడు. చదివింది వైద్యం. పాత చిత్తరువుల కింద చిత్రశాలలవారు తోచిన పేరల్లా తగిలించడం చూసి ఆయన ఒక ఉపాయం చెప్పాడు. చిత్రకారుడు కళ్లూ, చిరునవ్వూ మనసు పెట్టి వేస్తాడు గనక వాటిని శిష్యుడు కూడా మనసు పెట్టి అనుకరిస్తాడు. అక్కడ వెతికితే మోసపోతాము. చెవి తమ్మె, వేలి గోరు చూడండి అన్నాడు. అక్కడ ధ్యాస వుండదు. చేయి తన అలవాటు చొప్పున పోతుంది. ఈ కిటుకుతోనే ఆయన డ్రెస్డెన్ చిత్రశాలలో నకలుగా పడివున్న ఒక వీనస్ చిత్రం నిజానికి జొర్జొనే వేసిందని తేల్చాడు. అందులో కొంత భాగం టిషియన్ పూర్తి చేశాడని తరవాతివారు చెబుతారు. తమాషా ఏమిటంటే, ఊళ్లో వాళ్లందరి పేర్లూ బయటపెట్టిన మొరెల్లి 1874లో తన వ్యాసాలు మొదలుపెట్టినప్పుడు సొంత పేరు పెట్టుకోలేదు. ఇవాన్ లెర్మోలియెఫ్ అనే రష్యనుగా అవతారమెత్తాడు!

అది మహాచిత్రకారుల సంగతి, కుండలకూ బిందెలకూ ఇది వర్తిస్తుందా అని మీరడగవచ్చు. వర్తించింది. ఇంగ్లండులో.

మన బకింగ్‌హామ్ కాలువ మీద బెజవాడ వైపునుంచి మద్రాసుకు పడవలు నడిచినట్టే, అక్కడ ఇరుకు కాలువల మీద సరుకు పడవలు నడిచేవి. బొగ్గు, మట్టి, ధాన్యం వాటి బరువులు. రైళ్లు వచ్చి కిరాయిలు పడిపోయేసరికి, ఒడ్డున ఇంటి అద్దె కట్టలేక పడవవాళ్లు పెళ్లాం పిల్లలతో సహా పడవలోకే కాపురం మార్చారు. పడవ వెడల్పే ఏడడుగులు. గది పొడవు పదడుగుల లోపు. అందులోనే పొయ్యి, పడక, బీరువా. అలాంటి గదిలో వాళ్లు ఖాళీ అనేది వుంచలేదు. తలుపుల మీద, మంచినీళ్ల కాను మీద, చేతి గిన్నె మీద, గుర్రానికి దాణా పెట్టే బక్కెట్టు మీద అన్నిటి మీదా గులాబీలు, కోటలు. నీళ్ల కాను పడవ కప్పు మీద అందరికీ కనబడేట్టు వుండేది. అది వాళ్ల ఐరేని కుండ అనుకోండి.

ఆ బొమ్మలు వేసింది పడవలు బాగుచేసే రేవుల్లోని పనివాళ్లు. పొద్దున తారు పూసిన చేతులే సాయంత్రం గులాబీలు వేసేవి. సంతకం పెట్టే ఆచారం లేదు. చాలాకాలం దాకా చదువుకున్నవారు వీటిని "పడవవాళ్ల బొమ్మలు" అని వూరుకున్నారు, మనం "కుమ్మరివాళ్లు" అన్నట్టే. తరవాత కొందరు వూరుకోలేదు. టోనీ ల్యూరీ అనే ఆయన, తానూ కుంచె పట్టినవాడే, రేవులు తిరిగి, ముసలివాళ్లను అడిగి, 1974లో దీని మీద ఒక పుస్తకం వేశాడు.

గులాబీ వేసే పద్ధతి ఇది. ముందు ముదురు రంగుతో ఒక గుండ్రని బిళ్ల. అది ఆరాక దాని మీద లేత రంగుతో రేకులు, ఒక్కో రేకు కుంచె ఒక్క తాకుతో. దిద్దడం వుండదు. ఆకు వేసి దాని మీద ఈనెలు. పద్ధతి అందరిదీ ఒకటే. కాని ఒకడు రేకును గుండ్రంగా తిప్పుతాడు, ఒకడు కోసుగా లాగుతాడు. ఒకడి ఆకుకు ఈనెలు నిలబడితే ఇంకొకడివి వాలుతాయి. కోటలోనూ అంతే. బురుజులెన్ని, వంతెన ఎక్కడ, వెనక కొండలు ఏ రంగు అనేది ఒక్కో చేతికి ఒక్కో అలవాటు. ఆ ఆనవాళ్లు పట్టుకొని ఇది బ్రాన్‌స్టన్ రేవులో ఫ్రాంక్ నర్సర్‌ది, ఇది లైటన్ బజర్డ్‌లో ఫ్రాంక్ జోన్స్‌ది, ఇది బ్యాన్‌బరీలో టూలీలది అని చెప్పగలిగారు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటి వుంది. రేకు ఒంపు చూసి "ఈ రెండు కాన్లూ ఒకే చేతివి" అని చెప్పవచ్చు. ఆ చేయి పేరు ఫ్రాంక్ అని రేకు చెప్పదు. అది చెప్పవలసింది ఆ కాను కొనుక్కున్న పడవావిడ, ఆ రేవులో రంగు నూరిన కుర్రవాడు. అంటే గీత సగం సాక్ష్యం, జ్ఞాపకం సగం సాక్ష్యం. 1963 చలికాలంలో కాలువలు గడ్డకట్టి, ఆ యేడే సర్కారువారి సరుకు పడవలు చాలా మట్టుకు ఆగిపోయాయి. పడవ జీవితం పోయినా దాన్ని ఎరిగినవాళ్లు ఇంకా బతికి వున్న రోజుల్లోనే అడిగారు గనక ఆ పేర్లు దక్కాయి. ఇంకో ముప్ఫయి ఏళ్లు ఆలస్యమైతే గులాబీలు మిగిలేవి గాని పేర్లు మిగిలేవి కావు.

మనకు అంత వ్యవధి కూడా లేదు. ఇంగ్లండు కాను రేకుది, దాని మీద నూనె రంగు, పైన వార్నీషు. వందేళ్లు వుంటుంది. మన ఐరేని కుండ మీది సున్నం తడి తగిలితే జారుతుంది, ఎండిపోతే పెళుసులు లేస్తుంది. సాక్ష్యం కళ్లముందే రాలిపోతుంది.

పోయిన మాఘమాసంలో గురజాల దాపున ఒక పల్లెలో పెళ్లికి వెళ్లాను. ఆ ఇంటివారి అటక మీద పాత పెళ్లినాటి కుండలు రెండు, గుడ్డ చుట్టి బోర్లించినవి, ఇంకా రంగుతో వున్నాయి. ముప్ఫయి ఏళ్లనాటివట. ఐరేనికి వెళ్లేటప్పుడు వాటిని కూడా పట్టుకెళ్లాను. కుమ్మరివారింట్లో సారె తిప్పేవాడు కొడుకు, ఇప్పుడు బొమ్మలు వేసేది కోడలు. అరుగు మీద ఎనభై దాటిన పెద్దావిడ కూర్చుని వుంది. కుండలు ఆవిడ ముందు పెట్టి, "పెద్దమ్మా, ఇవి నువ్వు వేసినవేనా?" అని అడిగాను.

ఆవిడ ఒక కుండను వెలుగుకు తిప్పి చూసింది. "ఇది నాదే. ఇదుగో, చిలక్కి నేను తోక కాడ మొదలెడతా. ఆ కుండ నాది కాదు బాబూ, మా తోటికోడలిది. అది ముక్కు ముందేసుకునేది. ఎడంచెయ్యి వాటం దానిది. తీగ చూడు, ఎట్టా పోయిందో!" అన్నది.

చూశాను. రంగు అద్దుకున్న ఈనె ఆనిన చోట గీత లావుగా వుంటుంది, లేచిన చోట సన్నబడుతుంది. మొదటి కుండ మీద తీగ ఎడమ వైపు లావు, కుడి వైపు సన్నం. రెండో కుండ మీద సరిగ్గా తలకిందులు. ఆవిడ చెప్పకముందు రెండూ నా కంటికి ఒకటే తీగ. చెప్పాక, ఒకటి అనడం అసాధ్యం.

"మరి మెడ చుట్టూ ఈ చుక్కలు?" అన్నాను.

"అవి మా మావవి. పెళ్లిళ్ల రోజుల్లో మాకు చేతులు ఆడేవి కాదు. సందేళ పూట వచ్చి, చంటిదాన్ని ఒళ్లో ఏసుకోని చుక్కలు పెట్టేవాడు. కళ్లు ఆనక అట్టా ఒకటి పైకి ఒకటి కిందకి పోయినయ్యి" అని నవ్వింది.

అంటే ఒక్క కుండ మీద రెండు చేతులు. ఒక చేయి పోయి ఇరవై ఏళ్లు, ఇంకొకటి పోయి అంతకన్నా ఎక్కువ. ఆ ఇద్దరూ బతికి వున్నది ఇప్పుడు ఆ చుక్కల్లోనూ, ఈ ముసలావిడ జ్ఞాపకంలోనూ. "కుండ బాగుందన్నోళ్లు శానామంది. ఎవరేశారని అడిగినోడివి నువ్వే" అన్నదావిడ. అది మెచ్చుకోలుగా అనలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. ఉన్న మాట చెప్పింది.

ఈ పనిలో తొందరపాటు పనికిరాదని కూడా ఆ కుండే నేర్పుతుంది. ఇంటి చేయి వేరు, మనిషి చేయి వేరు. అత్త దగ్గర కోడలు నేర్చుకుంటుంది, చిలక వంపు అలాగే వస్తుంది. అందుచేత వంపు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకరే అనరాదు. చేర్యాల నకాషీ పటాలలోనూ ఈ చిక్కే. కథ చెప్పేవారి కోసం గజాల పొడుగున వేసిన ఆ పాత పటాలను చూసి ఇది నకాషీ ఇళ్లలో పని అని చెప్పడం తేలిక, ఏ చేతిది అని చెప్పడం కష్టం. ఈనాడు అక్కడి చిత్రకారులు తమ పేర్లతోనే లోకానికి తెలుసు. వాళ్ల తాతముత్తాతలకు ఆ యోగం లేకపోయింది. ఇంకో ప్రమాదం కూడా వుంది. పేరుకు వెల వచ్చిన చోట పేరుకు నకళ్లు కూడా వస్తాయి. కనక, తెలిసిన పేరు రాయడం ఎంత ముఖ్యమో, తెలియని చోట పేరు అతికించకపోవడం అంత ముఖ్యం.

కోటప్పకొండ తిరునాళ్ల చూసినవారికి ఇంకొకటి తోస్తుంది. మహాశివరాత్రికి నరసరావుపేట చుట్టుపట్ల గ్రామాలనుంచి ఆకాశానికి నిచ్చెన వేసినట్టు ప్రభలు కదిలి వస్తాయి. "అది ఏ ఊరి ప్రభ?" అని అడుగుతారు, చెబుతారు, గర్వపడతారు. ప్రభకు పేరు వుంది. కాని ఆ పేరు ఊరిది. వెదుళ్లు కట్టినవాడు, రంగులు తీర్చినవాడు ఊరి పేరులో కలిసిపోతారు. అది తప్పని నేననను. అందరూ కలిసి మోసేదానికి అందరి పేరూ వుండడం న్యాయమే. ఐరేని కుండ అలాంటిది కాదు. దాన్ని ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు కూర్చుని చేస్తారు. వారి పేర్లు చెప్పడానికి మూడు గీతల కాగితం చాలు.

"మన పూర్వులకు కీర్తికాంక్ష లేదండీ, అందుకే పేర్లు పెట్టుకోలేదు" అని సభల్లో తరచుగా వింటాము. వినడానికి ఇంపుగా వుంటుంది. కాని మా పల్నాట్లోనే దానికి జవాబు రాతి మీద వుంది. నాగార్జునకొండలో, మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో ఆవిడ బంధువుల పేర్లన్నీ వున్నాయి. మన శుభలేఖ దాని ముందు చిన్నబోతుంది. పని చూసిన ముగ్గురు భిక్షువుల పేర్లు వున్నాయి. ఆఖరున, ఇది శిలావడ్ఢకి విధికుని పని అని వుంది. వడ్ఢకి అంటే మన వడ్రంగి మాటకు పుట్టింటి మాట. రాతి పని చేసిన వడ్రంగి విధికుడు! సాగరు ఆనకట్ట కట్టి ఆ లోయంతా నీళ్లలో మునిగింది. పదిహేడు వందల ఏళ్లు గడిచాయి. ఆ పనివాడి పేరు మనం ఇవాళ పలుకుతున్నాము. ఎందుచేత? రాయించినవారు ఒక వాక్యం ఎక్కువ రాయించారు గనక. పనివాళ్లకు పేరు మీద ఆశ లేదనడం మన సౌకర్యానికి చెప్పుకునే మాట. వాళ్ల చేతిలో కుంచె వుంది, కలం మన చేతిలో వుంది. కలం వున్నవారు అడగలేదు, రాయలేదు.

అందుచేత ఈ పత్రిక చదివే కుటుంబాలవారికి ఒక మనవి. ఈసారి మీ ఇంట పెళ్లికి ఐరేని తెచ్చుకున్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. బొమ్మలు వేసినవారి పేరేమిటి? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఈ కుండలో ఇంకెవరి చేయి వుంది? ఆ జవాబులు కుండ అడుగున, సున్నం పూయని చోట, చెరగని సిరాతో రాయండి. ఊరి పేరు, సంవత్సరం కూడా వేయండి. ఎలాగూ ఫోనులో వందల ఫొటోలు తీస్తారు. వధూవరులతో పాటు కుండలకు కూడా నాలుగు వైపులనుంచి నాలుగు తీసి, వాటి కింద ఆ పేరు పెట్టి దాచండి. అటక మీద పాతవి వుంటే దించి, ఊళ్లో పెద్దవాళ్లకు చూపండి. తెలియదంటే తెలియదనే రాయండి.

దీనివల్ల ఒరిగేదేమిటని అడిగేవారుంటారు. ఇప్పుడు పట్నం దుకాణాల్లో మెరుపు రంగులు అంటించిన కుండలు కట్టలుగా అమ్ముతున్నారు. అవి కొనడానికి పేరు అక్కర లేదు. నేను చూసిన ఆ ఇంటి కోడలికి నిరుడు పెళ్లిళ్ల రోజుల్లో వచ్చినవి నాలుగే బేరాలట. "ఫలానా ఆవిడ చిలక వేస్తే ప్రాణం వుంటుంది" అని ఒక పేరు పది ఇళ్లలో తిరిగితే, వచ్చే ఏడు ఆ నాలుగు ఎనిమిది కావచ్చు. అప్పుడు తన కూతురికి ఈనె పట్టడం నేర్పాలని ఆవిడకు తోచవచ్చు. కావని కూడా కావచ్చు. కాని పేరు తెలియని మనిషిని వెతుక్కుంటూ ఎవరూ రారన్నది మాత్రం ఖాయం.

ఆ పెద్దావిడ పేరు నేను ఇక్కడ రాయలేదు. పత్రికలో వేయనా అని అడిగాను. "పేపరులో ఎందుకయ్యా, రేపు పొట్లం కడతారు. కుండ మీద రాయి" అన్నది. ఆవిడ పేరు, తోటికోడలి పేరు, మామగారి పేరు, మూడూ ఆ రెండు కుండల అడుగున రాసి అటక మీద పెట్టించి వచ్చాను.